పచ్చకామెర్లు: శస్త్రచికిత్సకు ముందు తెలిసికొనవలసిన సంగతులు

గడచిన సార్వా కాలమున, నాట్లు వేసిన మూడు వారములకు, మా సంఘ సభ్యులగు ఒక పెద్ద రైతుగారు గుప్పెడు వరిమొక్కలు పట్టుకొని మా యొద్దకు వచ్చిరి. ఆకులు పాలిపోయి, వానిపై తుప్పురంగు మచ్చలు పడియుండెను. నత్రజని చాలలేదనుకొని ఆయన యూరియా చల్లిరి. ఫలము కానరాక మరల చల్లిరి. మేము ఆకును పరీక్షించి, అది జింకు లోపమని చెప్పి, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లుడని సూచించితిమి. "పైరు పసుపుబారుటకు కారణ మొక్కటి గాదు. నత్రజని తక్కువైనను, జింకు తక్కువైనను, మురుగు నిలిచినను, తెగులు సోకినను పసుపుబారును. కారణము తెలియక వేసిన మందు గట్టుమీద పోసినట్లే" అని మే మనుచుండగా, ఆయన ముఖము మాకు సూటిగా కనబడినది. కన్నులు పసుపునీట ముంచినట్లుండెను.

ఎన్నాళ్లనుండి యని అడిగితిమి. "మూడు వారములైనదండీ. కామెర్లని పసరు పోయించుకొంటిని. రెండు విడతలైనవి, మూడవది ఆదివారము" అని చెప్పిరి. మేము వైద్యులము కాము. అయినను మూడు ప్రశ్నలు వేసితిమి. మూత్రము ఏ రంగున నున్నది? చిక్కని టీ నీళ్లవలె నున్నదనిరి. మలము ఏ రంగున నున్నది? తెల్లని బంకమట్టివలె నున్నదనిరి. ఒడలు దురదగా నున్నదా? రాత్రులు నిద్రయే లేదనిరి.

"ఆకునుగూర్చి ఇప్పుడు మేము చెప్పిన మాటయే మీ ఒంటికిని చెల్లును. మీది పసరుతో పోవు కామెర్లు కాకపోవచ్చును. నేడే పెద్ద యాసుపత్రికి పొండు" అని పంపితిమి.

ఐదవ నాడు ఆయన కుమారుడు మా యొద్దకు కోపముతో వచ్చెను. "అయ్యా, మీ మాట విని నాయనను చేర్చితిని. నాళములో రాయి యున్నదని మొదటి దినముననే చెప్పిరి. నాలుగు దినములనుండి నెత్తురు తీయుట, యంత్రములో పెట్టి చూచుట, సూదులు వేయుట! రాయిని తీయుట మాత్రము లేదు. ఖర్చు పెంచుటకే ఈ జాప్యమంతయు. రేపు ఇంటికి తీసికొని వచ్చెదను" అనెను. నాడు ఆ చిన్నవానికి మేము చెప్పిన సంగతులను, పిమ్మట వైద్యుల నడిగి తెలిసికొన్న సంగతులను సభ్యులందరి యుపయోగార్థ మిచ్చట వ్రాయుచున్నాము.

కార్జమును, దాని కాలువలును

మేము మిషను పాఠశాలలో చదువుకొనునప్పుడు మా ప్రకృతిశాస్త్రపు మాస్టరుగారు ఒకనాడు మేక కార్జమును పళ్లెములో తెచ్చి బల్లపై నుంచి, దాని క్రింద నంటియున్న ఆకుపచ్చని తిత్తిని చూపిరి. మాంసము కోయువారు దానిని చేదుకట్టు అందురు. అది చిట్లినచో కూర యంతయు చేదగునని జాగ్రత్తగా తీసివేయుదురు. వైద్యులు దానిని పిత్తాశయ మందురు.

పెద్దవాని కార్జము సుమారు కిలోన్నర బరువుండును. అది దినమునకు అర లీటరు మొదలు ఒక లీటరు వరకు పిత్తరసమును తయారుచేయును. కార్జపు కుడిభాగము నుండి ఒక నాళము, ఎడమభాగము నుండి ఒక నాళము బయలుదేరి, రెండును కలిసి ఒకే కాలువ యగును. చేదుకట్టునుండి వచ్చు పిల్లకాలువ దారిలో దీనిలో కలియును. పిమ్మట ఈ పెద్ద నాళము క్లోమమను గ్రంథి తలగుండా పోయి, చిన్నప్రేవు మొదటి భాగమున ఒక తూమువంటి ద్వారముకడ తెరచుకొనును. చేదుకట్టు చిన్న నిలువతొట్టి వంటిది. అందు పట్టునది 30 మొదలు 50 మిల్లీలీటర్లు మాత్రమే. అచ్చట రసము చిక్కబడి, మనము నెయ్యి, నూనె కలిసిన భోజనము చేసినప్పుడు ప్రేవులోనికి వదలబడును. క్రొవ్వు పదార్థములు జీర్ణమగుటకు ఈ రసము కావలయును.

ఇక పసుపురంగు మాట. రక్తమునందలి ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించి చితికిపోవును. అప్పుడు పుట్టు పసుపు పదార్థమునకు బిలిరుబిన్ అని పేరు. కార్జము దానిని రక్తమునుండి గ్రహించి, మార్పుచేసి, పిత్తరసముతోగూడ ప్రేవులోనికి నెట్టును. మలమునకు రంగు నిచ్చునది ఇదియే. ఆరోగ్యవంతుని 100 మిల్లీలీటర్ల రక్తములో ఇది సుమారు 1 మిల్లీగ్రామునకు మించదు. రెండున్నర, మూడు మిల్లీగ్రాములు దాటినప్పుడు కన్ను పసుపుబారినట్లు మనకు తెలియును.

పసుపు పుట్టు చోట్లు మూడు

కనుక కామెర్లు ఒక వ్యాధి కాదు; వ్యాధి యున్నదని తెలుపు గురుతు. అది మూడు చోట్ల పుట్టవచ్చును.

మొదటిది కార్జమునకు ముందు. మలేరియాయందును, కొన్ని రక్తవ్యాధులయందును ఎఱ్ఱకణములు మితిమీరి చితికిపోవును. కార్జము మంచిదే యైనను వచ్చిపడు పసుపును మోయజాలదు.

రెండవది కార్జమునందే. కలుషితమైన నీటివలన సోకు హెపటైటిస్ ఎ, ఇ అను వైరసులును, రక్తము, శుభ్రపరచని సూదులు, దాంపత్య సంబంధము, ప్రసవ సమయమున తల్లినుండి బిడ్డకు సోకుట మున్నగు మార్గముల వచ్చు బి, సి అను వైరసులును, సారాయియు, మితిమీరిన పారసెటమాల్ వంటి మందులును కార్జపు కణములను చెరచును.

మూడవది కార్జమునకు తరువాత, కాలువయందు. చేదుకట్టులోని రాయి జారి నాళములో నిలువవచ్చును. నాళమున గాని, క్లోమపు తలయందు గాని గడ్డ పెరిగి నొక్కవచ్చును. పూర్వపు గాయముచేత నాళము సన్నబడవచ్చును. అరుదుగా కడుపులోని ఏలికపాము నాళములోనికి ప్రాకవచ్చును. గొఱ్ఱెలను మేపువారికి కార్జపు జలగ యెరుకయే. ఆ జలగ కాపురముండునది ఈ పిత్తనాళములయందే.

మొదటి రెండు విధములకు కత్తితో పని లేదు. అంతేకాదు, వైరసుచేత కార్జము వాచియున్న దినములలో రోగికి మత్తిచ్చి కోత కోసిన ప్రాణాపాయము. తప్పనిసరియైన కారణము లేనిచో ఆ వాపు తగ్గువరకు మఱి యే శస్త్రచికిత్సనైనను వైద్యులు వాయిదా వేయుదురు. మూడవ విధమున మాత్రము అడ్డును తొలగింపక దారి లేదు. పసుపు ఒక్కటియే, చికిత్సలు పరస్పర విరుద్ధములు. కత్తిని పట్టుటకు ముందు వైద్యుడు తేల్చుకొనవలసిన మొదటి సంగతి ఇది.

పసరు విషయము

మన గ్రామములయందు కామెర్లకు పసరు పోయు ఆచారము చిరకాలమునుండి కలదు. నేల ఉసిరి ఇందు ముఖ్యము. దానిని మేము నిందింపబోము. పరీక్షకు తగని వస్తువనియు చెప్పము. హెపటైటిస్ బి వైరసును కనుగొన్నందుకు 1976లో నోబెల్ బహుమానము పొందిన బ్లూంబెర్గు పండితుడును, చెన్నపట్టణపు శాస్త్రజ్ఞులును కలిసి ఆ వైరసు సోకినవారికి నేల ఉసిరి నిచ్చి చూచి, మంచి ఫలము కనబడినదని 1988లో ప్రకటించిరి. కాని తరువాత ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలము నిలువలేదు.

అయినచో పసరు త్రాగినవారిలో పెక్కుమందికి నయమగుచున్నదే యని సభ్యు లడుగవచ్చును. నీటివలన వచ్చు కామెర్లు అధికసంఖ్యాకులకు కొన్ని వారములలో తమంతట తామే తగ్గును. పసరు త్రాగినను తగ్గును, త్రాగకున్నను తగ్గును. కీర్తి మాత్రము పసరునకు పోవును. నాళములో రాయి యడ్డుపడినప్పుడో, ఆ కీర్తినే నమ్మి రోగి విడతలు లెక్కించుకొనుచు కూర్చుండును. తూము పూడియుండగా చేనుకు ఎరువు వేసిన నీరు పారునా? మా రైతుగారికి జరిగినది ఇదియే. మూడు వారములు పోయినవి.

పథ్యము పేర ఉప్పు, నూనె, పప్పు మాని, మజ్జిగన్నముతోనే నెలలు గడపుటయు మంచిది కాదు. దానివలన రోగి బలము తరిగి, శస్త్రచికిత్సను తట్టుకొనలేని స్థితికి వచ్చును. ఏమి తినవలయునో వైద్యుని అడిగి తినవలయును.

అడ్డు ఎక్కడ నున్నది?

కామెర్లు కాలువ యడ్డువలన వచ్చినవని అనుమానింపదగిన గురుతులు మూడు ముందే చెప్పితిమి: మూత్రము ముదురు రంగు, మలము తెల్లదనము, ఒంటి దురద. పిత్తము ప్రేవునకు చేరదు గనుక మలమునకు రంగుండదు. రక్తములోనికి తిరుగబెట్టును గనుక మూత్రమున దిగును. ఈ గురుతులు అనుమానమునకే గాని నిర్ణయమునకు చాలవు; కార్జపు వాపునందును కొన్నాళ్లు ఇవి కనబడవచ్చును. అందుచేత రక్తపరీక్ష చేయుదురు. బిలిరుబిన్ ఎంత, అందు కార్జము మార్పుచేసిన భాగమెంత, ఆల్కలైన్ ఫాస్ఫటేజు ఎంత, కార్జపు కణములు చెడినప్పుడు రక్తములోనికి కారు ఎంజైములు ఎంత యని చూచుదురు. ఆల్కలైన్ ఫాస్ఫటేజు మిక్కిలి పెరిగినచో కాలువ యడ్డును, కణముల ఎంజైములు వందలు వేలు దాటినచో కార్జపు వాపును ముందుగా తలంతురు.

పిమ్మట అల్ట్రాసౌండు. ఇది నొప్పిలేనిది, చవుకైనది. చేదుకట్టులోని రాళ్లను చక్కగా చూపును. నాళము అడ్డుపడి ఉబ్బియున్నదో లేదో చెప్పును. కాని పెద్దనాళపు క్రిందికొసనున్న రాయి ప్రేవులోని గాలి మాటున దాగి తరచుగా దీనికి చిక్కదు. అప్పుడు ఎం.ఆర్.సి.పి. అను అయస్కాంతపు యంత్రముతో నాళములన్నిటిని పటము గీసినట్లు చూచుదురు. ఇందు కోత లేదు, గొట్టము లేదు. గడ్డ యున్నదని అనుమానమైనచో సి.టి. స్కాను తీసి, అది ప్రక్కనున్న రక్తనాళములను పట్టుకొన్నదా, ఇతర చోట్లకు ప్రాకినదా యని చూచుదురు. తీయదగినదో కాదో దీనివలన తెలియును.

నొప్పి లేకుండ కామెర్లు దినదినము పెరుగుచు, మనిషి చిక్కిపోవుచు, కుడిడొక్కయందు చేదుకట్టు నునుపుగా చేతికి తగులుచున్నచో అది రాయి కాకపోవచ్చుననియు, గడ్డకై వెదకవలయుననియు కూర్వాసియే అను స్విట్జర్లాండు శస్త్రవైద్యుడు 1890లోనే హెచ్చరించెను. నొప్పి లేదు గదా యని ముదుసలివారి కామెర్లను ఉపేక్షింపరాదు.

నోటిగుండా గొట్టము పంపి తూమును తెరచి రాయిని లాగు ఇ.ఆర్.సి.పి. అను పద్ధతి కలదు. ఈ దారిని నాళములను చూచుట 1968లోను, తూమును కోసి రాళ్లను తీయుట 1974లోను ఆరంభమైనవి. ఇది పొట్ట కోయకుండ చేయు గొప్ప మేలు. కాని దీనివలన కొందరికి క్లోమము వాచు అపాయము కలదు. అందుచేత కేవలము చూచుటకై దీనిని నేడు సాధారణముగా చేయరు. ముందు పటముతో రాయిని నిశ్చయించుకొని, తీయుటకే దీనిని వాడుదురు. మా రైతుగారిని "యంత్రములో పెట్టి చూచుట" ఇందుకొరకే.

కోడిపిల్లలు నేర్పిన పాఠము

"సూదులు వేయుట" ఎందులకో చెప్పవలయును. ఇది సేద్యగాండ్రకు ఇంపగు కథ.

డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెన్ నగరమందు హెన్రిక్ డామ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలకు క్రొవ్వు తీసివేసిన మేతను పెట్టి పరిశీలించుచుండెను. ఆ పిల్లలకు చర్మము క్రిందను, కండలలోను నెత్తురు చిమ్మి, ఆగక కారుటను ఆయన 1929 నాటికి గమనించెను. మేతలో ఏదో యొక పదార్థము కొరవడినదని తలంచి, వెదకి, 1935లో దానికి విటమిన్ కె అని పేరుపెట్టెను. నెత్తురు గడ్డకట్టుటకు వారి భాషలోనున్న మాట "కె" అను నక్షరముతో మొదలగును. ఆ పదార్థమును శుద్ధరూపమున వెలికితీసినది దేనినుండి? మనము పశువులకు వేయు లూసర్ను గడ్డినుండి. 1943వ సంవత్సరపు నోబెల్ బహుమానమును డామ్, డాయిసీ అను ఇరువురు దీనికై పొందిరి.

పశువుల గడ్డికిని మన రోగికిని సంబంధమేమి? విటమిన్ కె క్రొవ్వులో కరగునది. పిత్తరసము ప్రేవునకు రానిచో అది ఒంటికి పట్టదు. అది లేనిచో నెత్తురు గడ్డకట్టించు పదార్థములను కార్జము తయారుచేయలేదు. పూర్వకాలమున అడ్డుకామెర్లతో శస్త్రచికిత్స చేయించుకొన్న పెక్కుమంది, కోత చక్కగా జరిగినను, నెత్తురు ఆగక మరణించిరి. 1938 ప్రాంతమున ఈ విటమినును రోగులకు ఇచ్చుట ఆరంభమైన పిమ్మటనే ఆ భయము తగ్గినది.

అందుచేత వైద్యులు ముందుగా నెత్తురు గడ్డకట్టుటకు పట్టు కాలమును కొలుతురు. ఆలస్యమగుచున్నచో విటమిన్ కె సూది వేసి, మరునాడు మరల కొలుతురు. కాలము సరియైనచో కార్జము బాగుగనే యున్నది, కాలువయే పూడినదని తెలియును. సూది వేసినను సరికానిచో కార్జమే చెడియున్నదని తెలియును. మందు వేసి ఆకు పచ్చబడినదో లేదో చూచి లోపమును నిర్ణయించు మన పద్ధతియు ఇదియే గదా! ఒక్క సూదితో చికిత్సయు, పరీక్షయు రెండును జరుగుచున్నవి.

కార్జపు బలమును లెక్కించుట

మన సంఘము సభ్యునకు అప్పు మంజూరు చేయుటకు ముందు అతని భూమి యెంత, పాత బాకీ యెంత, తీర్చు శక్తి యెంత యని విచారింపదా? మత్తును, కోతను భరించుట కార్జముపై వేయు అప్పువంటిది. కార్జము గట్టిపడి ముడుతలు పడినవారికి ఈ లెక్క మిక్కిలి ముఖ్యము. 1964లో చైల్డ్, టర్కాట్ అను వైద్యులు వేసి, 1973లో పగ్ మున్నగువారు సవరించిన పట్టిక నేటికిని వాడుకలో నున్నది. బిలిరుబిన్, ఆల్బుమిన్ అను మాంసకృత్తు, నెత్తురు గడ్డకట్టు కాలము, పొట్టలో నీరు, తెలివి మందగించుట అను ఐదింటికి మార్కులు వేయుదురు. 5, 6 వచ్చినచో మొదటి తరగతి. 7 మొదలు 9 వరకు రెండవది. 10 మొదలు 15 వరకు మూడవది. మూడవ తరగతివారికి ప్రాణముమీదికి వచ్చినప్పుడు తప్ప పెద్ద కోతలు తలపెట్టరు.

కార్జమునందే గడ్డ యుండి కొంత భాగమును కోసి తీయవలసినచో, మిగులు భాగమును ముందే కొలుతురు. చెరకు నరికిన మోడునుండి కార్శి లేచునట్లు కార్జమునకు తిరిగి పెరుగు గుణము కలదు. మంచి కార్జమైనచో పది పాళ్లలో మూడు పాళ్లు మిగిలినను చాలును. గట్టిపడిన కార్జమునకు నాలుగు పాళ్లైనను మిగులవలయును; ఒక్కొక్కప్పుడు అదియు చాలదు. మోడు కుళ్లిన యెడల కార్శి యెట్లు లేచును?

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. ఇరువది సంవత్సరముల క్రిందట మా పినతండ్రిగారికి బొడ్డుకడ హెర్నియా వచ్చి శస్త్రచికిత్సకు చేర్చితిమి. త్రాగుడు అలవాటు కలదా యని వైద్యు డడిగినప్పుడు ఆయన లేదనిరి. ప్రక్కనున్న మేమందరము తలలు వంచుకొంటిమి. ఆయన పదునైదేండ్లుగా ప్రతిదినము త్రాగుచుండుట మాకందరకు తెలియును. పరువు పోవునని నోరు మెదపలేదు. చిన్న కోతయే గనుక త్వరగా చేసిరి. మూడవనాటికి పొట్ట నీటితో ఉబ్బినది; కుట్లనుండి నీరు కారినది; పిమ్మట మనుష్యులను గుర్తుపట్టుట మానిరి. పదకొండవ దినమున పోయిరి. మేము ఒక్క మాట నిజము చెప్పియుండినచో ముందుగా కార్జమును పరీక్షించియుందురని నేటికిని మా మనస్సునకు తోచుచుండును. కావుననే సభ్యులకు చేతులెత్తి మనవి చేయుచున్నాము: వైద్యునియెదుట పరువును చూచుకొనకుడు.

ఆగరాని సందర్భము

ఇంతవరకు చెప్పినదంతయు ఓపికపట్టుటను గూర్చి. ఓపిక పనికిరాని స్థితి యొకటి కలదు. కామెర్లు, కుడిడొక్క పైభాగమున నొప్పి, చలివణుకుతో జ్వరము, ఈ మూడును కలిసినచో నాళములో నిలిచిన పిత్తము చెడి చీముపట్టినదని తలంపవలయును. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1877లో ఈ మూడు గురుతులను కలిపి చెప్పెను. దీనికి తోడు తెలివి తప్పుట గాని, రక్తపుపోటు పడిపోవుట గాని జరిగినచో గడియలు లెక్కించుకొనవలసినదే. ఆ రాత్రియే బండి కట్టవలయును. అట్టివారికి వెంటనే క్రిములను చంపు మందులెక్కించి, రాయి మాట తరువాత చూచుకొని, ముందు చెడిన పిత్తమునకు దారి చేయుదురు.

నొప్పియు కామెర్లును లేక, మఱియొకందుకు తీసిన స్కానులో యాదృచ్ఛికముగా కనబడిన చేదుకట్టు రాళ్లున్నవారు తొందరపడనక్కరలేదు. అట్టివారిలో పెక్కుమందికి జీవితకాలమున బాధ కలుగదు. కోత అవసరము సాధారణముగా నుండదు. వైద్యుని సలహాపై కనిపెట్టి యుండిన చాలును.

పిదప జరిగినది

ఈ సంగతులలో కొన్నింటిని నాడు ఆ చిన్నవానికి చెప్పి, "నాలుగు దినములు వృథాగా పోలేదు. మీ నాయనగారి నెత్తురు గడ్డకట్టునట్లు చేయుచున్నారు. ఇంటికి తేవలదు" అని ఒప్పించితిమి. ఆరవ దినమున గడ్డకట్టు కాలము సరియైనది. ఏడవ దినమున నోటిగుండా గొట్టము పంపి, తూమును తెరచి, సెనగగింజంత రాయిని తీసిరి. వారము తిరుగకుండ కన్నుల పసుపు తగ్గుచు వచ్చెను, దురద పోయెను. రాళ్లు పుట్టిన చోటు అట్లే యుండగూడదు గనుక కొన్నాళ్లకు చేదుకట్టును చిన్నచిన్న రంధ్రములగుండా తీసివేసిరి. చేదుకట్టును తీయు శస్త్రచికిత్సను మొట్టమొదట 1882లో బెర్లిను నగరమున లాంగెన్‌బుఖ్ చేసెను. పొట్టను వెడల్పుగా కోయకుండ రంధ్రములగుండా చేయుట 1985లో జర్మనీయందే మ్యూయె ఆరంభించెను. తొట్టి లేకున్నను కాలువ పారునట్లు, చేదుకట్టు లేకున్నను పిత్తము ప్రేవునకు పోవుచునే యుండును. మనిషి సుఖముగా బ్రదుకును.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి

కన్ను పసుపుబారినచో అదే వారములో రక్తపరీక్షయు, అల్ట్రాసౌండును చేయించుకొనవలయును. పసరుపై నమ్మకమున్నను ఈ రెంటిని వాయిదా వేయరాదు.

ఆసుపత్రికి పోవునప్పుడు పసుపు ఏనాడు కనబడినది, మలమూత్రముల రంగు, దురద, జ్వరము, నొప్పి, ఎంత బరువు తగ్గినది ఒక కాగితముపై వ్రాసికొనిపోవలయును. త్రాగిన పసరులు, మ్రింగిన మాత్రలు, సారాయి అలవాటు దాచక చెప్పవలయును. ఆస్పిరిను వంటి నెత్తురును పలుచబరచు మందులు వాడుచున్నచో తప్పక తెలుపవలయును. వైద్యుడు చెప్పకుండ వానిని తామే మానరాదు.

శస్త్రచికిత్సకు ముందు వైద్యుని నాలుగు ప్రశ్న లడుగుట రోగికిని, బంధువులకును హక్కు. అడ్డు ఎక్కడ నున్నది? అది రాయియా, గడ్డయా? కార్జపు బలమెంత? నెత్తురు సరిగా గడ్డకట్టుచున్నదా? వీనికి సమాధానము దొరకునంతవరకు జరుగు పరీక్షలు జాప్యము కావు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము నేడు పేరు మారినను మారకున్నను ఉభయరాష్ట్రములలో ఏదో యొక రూపమున నడచుచున్నది గనుక, కార్డులు వెంట తీసికొనిపోయి తమ చికిత్స అందు చేరునో లేదో మొదటి దినముననే విచారించుకొనవలయును.

నీటిని కాచి త్రాగుటయు, బిడ్డ పుట్టిన దినముననే హెపటైటిస్ బి టీకా వేయించుటయు, సారాయి మానుటయు కత్తి అవసరము రాకుండ చేయు పనులు.

మా రైతుగారు మొన్న సంఘపు కార్యాలయమునకు ఎరువులకై వచ్చిరి. పైరు ఎట్లున్నదని అడిగితిమి. జింకు చల్లిన పదునైదు దినములకు తేరుకొన్నదనియు, ఎకరమునకు రెండు బస్తాలు మాత్రము తగ్గినవనియు చెప్పిరి. "రెండు మార్లు చల్లిన యూరియా దండుగ, రెండు విడతల పసరు దండుగ. ఏదైనను ముందు చూపించుకొని చేయవలసినది" అని తామే యనిరి. అంతకంటె మేము చెప్పవలసినది లేదు.